మూల కత్తిరించిన బొమ్మలు

బారిష్టరు పార్వతీశం చిక్కడపల్లి మెట్రో స్టేషను కింద నిలబడి ఉన్నాడు. చేతిలో ట్రంకుపెట్టె, నెత్తిమీద తెలియక కొనుక్కొన్న ఆ ఆడవాళ్ళ టోపీ. ఎదురుగా గ్రూప్-1 కోచింగు సెంటర్ల బోర్డులు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వాటిని చదవడానికి మెడ ఎంత వెనక్కు వాల్చాడంటే టోపీ జారిపోయేట్టుంది. పైన రైలు పోతున్నది. సీమచదువుకని మొగలితుర్రులో బయలుదేరిన మనిషి దారితప్పి అశోక్‌నగర్ మొగలో తేలాడన్నమాట. ఎవరు గీశారో గాని, పార్వతీశాన్ని బాగా ఎరిగినవారు.

ఎవరు గీశారో గాని, అని ఎందుకు రాయవలసి వచ్చిందో చెబుతాను. బొమ్మ నాకు చేరేసరికే కుడివైపు అడుగు మూల లేదు. సంతకం ఉండవలసిన చోట ఒక అక్షరం తోక మాత్రం మిగిలింది. అది కొమ్మో, వట్రసుడో పోల్చుకోలేము. వారం తిరిగేసరికి అదే బొమ్మ మరొకరి వద్ద నుంచి వచ్చింది. ఈసారి కింద "బాపు గారి అపురూప చిత్రం" అన్న వ్యాఖ్య, దానికింద నమస్కారాల బారు. బాపు 2014 ఆగస్టు 31న కన్నుమూశారు. చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా మెట్రో రైలు నడవడం 2020 ఫిబ్రవరిలో మొదలైంది. బొమ్మలో రైలు చిన్నదేమీ కాదు, పైభాగమంతా అదే. నమస్కరించిన ఇన్ని చేతులలో ఒక్క చేతికీ ఆ రైలు తగలలేదు.

ఈ వ్యాసం ఒక ఫిర్యాదు. ఇది ఎక్కడివారి మీదో కాదు, తెలుగు అక్షరాన్ని తెరకెక్కించడానికి నిద్రలు మానుకొన్న మనవారి మీదనే. అభిమాన పాత్రల బొమ్మలు, పాత పత్రికల పుటలు, చాటువులు, ఊరి వీధుల ఫొటోలు పదిమందికీ పంచడం మనవాళ్ళు నేర్పిన అలవాటే. అది మంచి అలవాటు. పంచేటప్పుడు చేసినవారి పేరునూ, చేసిన కాలాన్నీ కత్తిరించి పారవేయడం మాత్రం నేరం. చిన్న నేరమని నేననుకోవడం లేదు.

అన్యాయం ఇద్దరికి జరిగింది. గీసినవారికి జరిగింది అందరికీ తెలిసేదే. ఏ హాస్టలు గదిలోనో, పోటీపరీక్షల పుస్తకాల నడుమ, నిద్ర కాచి గీసి ఉంటారు; ఆ బొమ్మను వేలమంది చూసి నవ్వారు; గీసినవారిని ఒక్కరూ పిలవలేదు. బాపుకు జరిగింది అంత సులభంగా తెలియదు. గొప్పవాడి ఖాతాలో ఒక మంచి బొమ్మ అదనంగా పడితే నష్టమేమిటంటారు. నష్టం ఉంది. బాపు గీత అంటే ఏమిటో తెలిసిన కళ్ళు తగ్గిపోతున్నాయి. పెద్ద కళ్ళు, నడుము దిగిన జడ, కొంచెం వంపు కనిపిస్తే చాలు, బాపు అనేస్తున్నారు. ఒక గీతను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపేశాడు, ఎంత గీయకుండా వదిలిపెట్టాడు అన్నది బాపు. ఆయనవి కాని బొమ్మలు పది చేరితే ఆయనవైన వాటిని గుర్తించే శక్తి పదిపాళ్ళు సన్నగిల్లుతుంది. వడ్డాది పాపయ్య గారి గతి ఇంకా అన్యాయం. వ.పా. వర్ణచిత్రాలు 'యువ', 'చందమామ' ముఖచిత్రాలుగా వచ్చినవి. బొమ్మ మీదే ఆయన సంతకం ఉంటుంది. దాన్ని కోసేసి "ప్రాచీన చిత్రకళ" అని పంచుతున్నవారిని చూశాను. 1992 దాకా కశింకోటలో కుంచె పట్టిన మనిషి ప్రాచీనుడైపోయాడు!

ఇక రెండో పక్షం ఒకటుంది. వారికి సంతకం పోయిందన్న బాధ లేదు, పార్వతీశాన్ని అశోక్‌నగరుకు తేవడమే అపచారమని వారి బాధ. మొక్కపాటి వారు రాయనిది గీయడానికి నీవెవరు, అంటారు. ఈ పక్షంతో నాకు బొత్తిగా పొసగదు. మన పాత్రలు ఎప్పుడు ఒకచోట కుదురుగా కూర్చున్నాయి? గురజాడ తానే 1897 నాటి 'కన్యాశుల్కా'న్ని 1909 నాటికి తిరగరాశాడు. గిరీశం రంగస్థలం మీద జె.వి. రమణమూర్తి ఒంట్లో ఒకడు, 1955 సినిమాలో ఎన్.టి. రామారావు ఒంట్లో మరొకడు. ఇంకొంచెం వెనక్కు వెళితే బేతాళుడున్నాడు. సంస్కృతంలో ఆయన చెప్పిన కథలు పాతిక. 'చందమామ'లో నెలకొకటి చొప్పున దశాబ్దాలపాటు చెబుతూనే ఉన్నాడు. పాతిక ఎప్పుడో అయిపోయాయి, తరువాతివన్నీ బేతాళుడి మీద మోజుతో కొత్తగా అల్లినవి. ఎవరిదో పాత్రను తీసుకొని అభిమానంతో కొత్త కథ నడిపించడం ఈనాటి కుర్రకారు తెచ్చిన జాడ్యమనేవారు, శవాన్ని భుజాన వేసుకొని కత్తి దూసి నడిచే ఆ విక్రమార్కుడి బొమ్మను ఒకసారి తలచుకోవాలి. ఆ బొమ్మ గీసినాయన శంకర్, అంటే కె.సి. శివశంకరన్, 2020 సెప్టెంబరులో 97 ఏట మరణించారు. నాలుగు తరాల పిల్లలు చూసిన బొమ్మ అది. గీసినవాడి పేరు వారిలో ఎందరికి తెలుసు?

'చందమామ' మాట వచ్చింది కనుక అక్కడే కొంతసేపు ఆగుతాను. పేరు లేకపోవడం అంటే ఏమిటో తెలుగువారికి ఆ పత్రిక నేర్పినట్టు మరేదీ నేర్పలేదు.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన పత్రిక. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా దాన్ని నడిపినవారు కొడవటిగంటి కుటుంబరావు. సంపాదకుడిగా అచ్చయిన పేరు ఆయనది కాదు. సిబ్బంది రాసినవాటికి పేరు వేయకపోవడం అక్కడి పద్ధతి. 'తోకచుక్క', 'మకరదేవత', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం': ఈ పేర్లు వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరించే పెద్దమనుషులు మనలో ఎంతమందో ఉన్నారు. ఖడ్గవర్మనూ, జీవదత్తుణ్ణీ నోటుపుస్తకాల వెనక అట్టల మీద గీయని పిల్లవాడు ఆ రోజుల్లో లేడంటే అతిశయోక్తి కాదు. అదే అభిమానుల చిత్రకళ. అప్పుడు దానికి ఆ పేరు లేదు, అంతే. ఆ సీరియళ్ళన్నీ రాసినవారు ఒకరే, దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చేరి యాభై ఏళ్ళకు పైగా అక్కడే పనిచేశారు. సీరియల్ మీద ఆయన పేరు లేదు. పాఠకుడు రాజు పేరు, మాంత్రికుడి పేరు, గుర్రం పేరు సైతం చెప్పగలడు. రచయిత ఎవరంటే, "చందమామ" అంటాడు. బొమ్మలు వేసిన చిత్ర, అంటే టి.వి. రాఘవన్, కనీసం బొమ్మ మీద సంతకం దక్కించుకొన్నారు.

2000ల చివరి సంవత్సరాలలో ఆ పాత సంచికల కోసం వెదుకులాడుకొన్న అభిమానులు, ఒకరి దగ్గర ఉన్నది మరొకరికి ఇచ్చుకొంటూ, ఇవి రాసినదెవరని పదేపదే అడుగుతూ, దాసరి వారి పేరును పదిమందికీ తెలియజేశారు. ఆయన 2010 జనవరిలో మరణించారు. అంటే, పిల్లలుగా చదివినవారు నెరిసిన జుట్టుతో వచ్చి "మీరేనా" అని అడిగే వేళకు ఆయనకు మిగిలినవి కొద్ది సంవత్సరాలు. మన తరం అంతర్జాలంలో చేసిన పనులలో నేను నిస్సంకోచంగా గర్వించేవి కొన్నే, వాటిలో ఇదొకటి. అటువంటి పని చేసినవారమే ఈనాడు కొత్తగా గీసేవారి మూల కత్తిరిస్తున్నామంటే ఏమనుకోవాలి? ఒక పత్రిక యాజమాన్యం ఒక పద్ధతిగా చేసినదాన్ని మనం పద్ధతి కూడా లేకుండా, తోచినట్టు చేస్తున్నాము.

పంచుకోవడం మానండి అని నేనననందుకు కారణం కూడా ఆ పత్రికే. 2007లో అది ఒక సాఫ్ట్‌వేరు సంస్థ చేతిలోకి వెళ్ళింది, 2013లో ఆగిపోయింది, తరువాత కొన్నేళ్ళకు వెబ్‌సైటు సైతం మాయమైంది. హక్కుదారులు కాపాడలేదు. ఈనాడు పాత సంచికలు చదవగలుగుతున్నామంటే, సంవత్సరమూ నెలా వేసి ఒక్కొక్క సంచికను స్కాను చేసి దాచిన పాఠకుల చలవ. ఆ సంవత్సరమూ నెలా అన్న రెండు ముక్కలు లేకుంటే అది పుటల గుట్ట అయ్యేది. కాగితాన్నే నమ్ముకోవడమూ కుదరదు. చిక్కడపల్లికి ఆనుకొని బాగ్‌లింగంపల్లిలో ఉన్న సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి 2000 ఆగస్టు వరదనీరు వచ్చినప్పుడు అరుదైన ఉర్దూ పుస్తకాలూ పత్రికలూ ఎన్ని నానిపోయాయో ఆ పరిసరాలవారికి తెలుసు. నకళ్ళు ఉండాలి. ఎంత ఎక్కువమంది దగ్గర ఉంటే అంత మంచిది.

ఇక్కడ ఒక వాదం ఎదురవుతుంది, కొంత పాండిత్యంతో కూడిన వాదం. "మన సంప్రదాయంలో పేరుకు ప్రాధాన్యం లేదు. జానపదుడు సంతకం పెట్టాడా? చాటువుకు కర్త ఉన్నాడా? పేరు కావాలన్న తహతహ పాశ్చాత్యుల అంటురోగం." ఇది వినడానికి గంభీరంగా ఉంటుంది. ఇలా అనేవారు చిక్కడపల్లిలో ఉన్న త్యాగరాయ గానసభకు ఒక సాయంత్రం వెళ్ళి కచేరీ వినాలి. ఏ సభ అయితే త్యాగరాజు పేరు పెట్టుకొన్నదో, ఆ త్యాగరాజు ప్రతి కృతి చరణంలోనూ తన పేరు పొదిగాడు, ఎవరూ కత్తిరించలేనట్టు, కత్తిరిస్తే తాళం తప్పేట్టు. క్షేత్రయ్యకు మువ్వగోపాలుడు ఆ పని చేశాడు. వేమన మకుటం సంగతి పసిపిల్లలకూ తెలుసు. ఇన్ని ముద్రలూ మకుటాలూ అల్లుకొన్న జాతికి పేరు పట్టింపు లేదని ఎవరు చెప్పారు? పాడేవారు కూడా ఇది ఫలానా వారి కృతి, ఫలానా రాగం అని చెప్పి మరీ మొదలుపెడతారు. దీక్షితుల కృతి పాడి శ్యామశాస్త్రిది అంటే ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఊరుకోడు. మన దగ్గర ఆ పెద్దాయన లేడు.

అయితే మకుటానికీ ఒక చిక్కు వచ్చింది, అది దాచిపెట్టను. వేమన మకుటం ఎంత బాగా నిలిచిందంటే, ఎవరి పద్యానికైనా అది తగిలించేశారు. సి.పి. బ్రౌను వేమన పద్యాలను పోగుచేసి 1829లో అచ్చువేసిన నాటినుంచి, వీటిలో వేమనవి ఎన్ని అన్న తగువు తెగలేదు. చాటువులైతే సరేసరి: కొంచెం సరసం ఉంటే శ్రీనాథుడిది, కొంచెం వెటకారం ఉంటే తెనాలి రామలింగడిది. కాబట్టి గొప్పవాడి నెత్తిన పెట్టడం మనకు కొత్త కాదు. ఆ కాలంలో పద్యం నోటినుంచి నోటికి ఎక్కింది, మధ్యలో పేరు జారిపోతే పట్టుకొనే సాధనం లేదు. ఈనాడు పేరు జారిపోవడం లేదు. బొమ్మతోపాటు దానంతటదే వస్తున్నది. వేలితో లాగి, మూల కనబడకుండా చేసి, ఆపైన పంపుతున్నాము. మరచిపోవడం వేరు, చెరిపివేయడం వేరు.

సినిమా పాటల విషయంలో ఈ గొడవ వినోదంగా కూడా ఉంటుంది. 'తోడికోడళ్ళు' (1957)లో కారు షికారు మీద వచ్చే పాటలో శ్రమజీవుల ప్రస్తావన ఉంది కాబట్టి శ్రీశ్రీదే అంటారు, అది ఆత్రేయది. 'డాక్టర్ చక్రవర్తి' (1964)లో మనసు మీద వచ్చే పాట మనసుకవి ఆత్రేయదే అంటారు, అది శ్రీశ్రీది. ఇద్దరికీ చెల్లుకు చెల్లు అనుకొని ఊరుకోవచ్చు గాని, నష్టం వినేవాడికి. శ్రీశ్రీ అంత మెత్తగా రాయగలడని, ఆత్రేయ అంత సూటిగా నిలదీయగలడని అతడికి ఎన్నటికీ తెలియదు. తనకు ముందే తెలిసిన కవి మళ్ళీ తనకు ఎదురవుతాడు. తప్పు పేరు కొత్త విషయాన్ని లోపలికి రానివ్వదు.

అశోక్‌నగరులో జిరాక్సు దుకాణాలున్నాయి. పోటీపరీక్షల నోట్సు, స్పైరల్ బైండింగు చేసి, కట్టలు కట్టలుగా అమ్ముతారు. చట్టప్రకారం ఆ వ్యాపారం ఎటువంటిదో నేను విచారించబోను. అక్కడ బేరం చేసే కుర్రవాణ్ణి గమనించండి. మొదట అడిగేది "ఎవరి నోట్సు?" అని, రెండోది "ఏ సంవత్సరానిది?" అని. పేరులేని నోట్సు, ఏడాది తెలియని నోట్సు అతడు ముట్టుకోడు, ఎందుకంటే అతడి జీవితం దానిమీద ఆధారపడి ఉంది. నకళ్ళతో బతికే దుకాణం కూడా మొదటి పుట మీది పేరును చెరపదు. సాహిత్యాభిమానులమైన మనకు ఆ జిరాక్సు కొట్టు మర్యాద ఎందుకు లేదో నాకు బోధపడదు. బహుశా సాహిత్యం మీద మన జీవితం ఆధారపడి లేదేమో.

నిత్యజీవితపు ఫొటోలకు వద్దాము. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో పుస్తకాలు ముందేసుకొని కూర్చున్న ఉద్యోగార్థుల ఫొటో ప్రతి నోటిఫికేషను కాలంలోనూ తిరుగుతుంది. తీసినదెవరో, ఏ యేడు తీశారో ఉండదు. పోనీ, చదువుకొంటున్న పిల్లలే కదా అనుకోవచ్చు. కాని అదే అశోక్‌నగరులో 2023 అక్టోబరులో ఒక విద్యార్థిని మరణం తరువాత వేలమంది రాత్రిపూట రోడ్డు మీదికి వచ్చారు. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలనీ, జీవో 29 రద్దు చేయాలనీ మళ్ళీ వచ్చారు. నెల అదే, కూడలి అదే, ముఖాలూ దాదాపు అవే. ప్రభుత్వాలు వేరు, కోరికలు వేరు. తేదీ లేని ఫొటో ఆ రెండింటిలో దేనికైనా అమరుతుంది; ఎవరికి ఏది అనుకూలమో వారు ఆ కథ తగిలిస్తారు. తగిలించారు కూడా. ఆ రోడ్డు మీద నిలబడిన పిల్లవాడు తాను అడగనిదాన్ని అడిగినట్టు ఫొటోలో శాశ్వతంగా నిలిచిపోయాడు. ఇక్కడ ఒక తేదీ ఖరీదు ఎంత?

నారాయణగూడ తాజ్‌మహల్ హోటలు ఇడ్లీ ఫొటోకు కూడా తేదీ కావాలా అని మీరు వేళాకోళం చేయవచ్చు. ఇడ్లీకి అక్కరలేదు. వెనక ధరల పట్టిక కనిపిస్తుంటే మాత్రం వేయండి. ఇంకో యాభై ఏళ్ళకు ఎవరో ఒకరు మీకు దండం పెట్టుకొంటారు.

చట్టం గురించి రెండు మాటలు చాలు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత చనిపోయిన 60 ఏళ్ళదాకా ఆర్థికపు హక్కు ఉంటుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి 1973లో చనిపోయారు కనుక ఆయన రచనలకు 2033 చివరిదాకా. అయితే అదే చట్టంలో 57వ సెక్షను ఒకటుంది. కాపీరైటును వేరొకరికి అమ్ముకొన్నా సరే, ఇది నా కృతి అని చెప్పుకొనే హక్కు కర్తకు ఉంటుందని అది అంటుంది. డబ్బు సంగతి వేరు, పేరు సంగతి వేరని చట్టానికి కూడా తెలుసు. "మేమేమీ సొమ్ము చేసుకోవడం లేదు కదా" అని ఊరట పొందేవారు ఈ తేడా గమనించాలి. సొమ్ము తీసుకోలేదు, నిజమే. పేరు తీసుకొన్నారు.

కడపట, నాకు అన్నిటికంటె కష్టం కలిగించే వర్గం. వీరు మూల కత్తిరించడంతో ఆగరు. పాత సంచికలోని బొమ్మను స్కాను చేసి, అసలు సంతకం తీసివేసి, నడిమధ్య తమ పేజీ పేరుతో వాటర్‌మార్కు కొడతారు. ఎందుకయ్యా అంటే, "మా శ్రమను ఇతరులు దొంగిలిస్తున్నారు" అంటారు! స్కాను చేయడం శ్రమే, నేను కాదనను. దుమ్ము దులిపి, జిగురు ఊడిన పుటలు సరిచేసి, వంకర లేకుండా తీయడానికి ఓపిక కావాలి. దానికి కృతజ్ఞతగా అడుగున ఒక వరుసలో స్కాను చేసినవారి పేరు ఉండవలసిందే. ఆ వరుస బొమ్మ గీసినవారి పేరు కింద ఉండాలి. ఖడ్గవర్మ గుండెల మీద కాదు.

తెలియనప్పుడు ఏమి చేయాలి అని అడిగేవారికి: "గీసినవారు తెలియదు, ఫలానా చోట, ఫలానా రోజున చూశాను" అని రాస్తే చాలు. ఆ వాక్యం పట్టుకొని మరొకరు వెనక్కు నడవగలరు. బాపు అని రాస్తే దారి అక్కడే మూసుకుపోతుంది.

'శిథిలాలయం' సీరియల్ పుటలు కొన్ని ఈ వాటర్‌మార్కుల పాలబడి తిరుగుతున్నవి నా దగ్గరికి వచ్చాయి. చిత్ర సంతకం వాటిలో ఒక్క బొమ్మ మీద కూడా మిగలలేదు. శుభ్రమైన ప్రతులు ఎవరి అటక మీద ఉన్నా, సంచిక నెలా సంవత్సరమూ వేసి, నాలుగు మూలలూ కనిపించేట్టు స్కాను చేసి పెట్టగలరు.